కొత్త రోట్లో పండుకారం

మా పెద్దమ్మ ప్రేమమ్మకు భయపడటం ఒక ఉద్యోగం. దానికి ఆదివారం కూడా సెలవు లేదు. కుక్కర్ కూత వేస్తే భయం, వేయకపోతే ఇంకా భయం. బేతంచెర్ల నుంచి ఫోన్ చేసి, నేను ఎత్తేలోపే పెట్టేసి, మళ్లీ చేసి, "ఏమీ ల్యాదులే మహిమా, ఊరికే చేసినా" అంటుంది. అందుకే ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, "రోట్లో కారం నురగ కడతాంది మే" అన్నప్పుడు నేను పెద్దగా చెవిన పెట్టలేదు.

"పండుమిరపకాయలు కదా పెద్దమ్మా, వేడి చేసుంటుంది" అన్నాను.

"వేడి కాదు. సోడా కొడితే వస్తుందే, అట్ల సన్నగా బుసబుసమని. నాకు ఎట్లనో ఉండాది."

"నీకు ఎట్లనో లేని రోజు ఉంటే అది చెప్పు" అని నవ్వి ఫోన్ పెట్టేశాను. కడపలో నేను ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌ని. పొద్దున పూట నీళ్ల దగ్గర వాళ్ల పంచాయితీలు తీర్చేసరికే నాకు నోరెండిపోతుంది. పెద్దమ్మ నురగ సంగతి అంతటితో మరిచిపోయాను.

పండుకారం అంటే తెలియనివాళ్లు మా వైపు ఉండరు. చెట్టు మీదే ఎర్రగా పండిన మిరపకాయలను ఎండనీయకుండా తెచ్చి, తడి తుడిచి, తొడిమలు తీసి, ఉప్పూ చింతపండూ వేసి దంచి జాడీకి ఎత్తుతారు. మూడో రోజు జాడీ తెరిచి, రోట్లో వేసి మెత్తగా రుబ్బుతారు. ఆఖర్న మెంతిపొడి, తెల్లగడ్డలు. బాగా కుదిరితే మళ్లీ ఏడాది పండ్లు వచ్చేదాకా చెడదు. జొన్నరొట్టె మీదికీ, సంగటిలోకీ, వేడి అన్నంలోకీ అదే. జ్వరం వచ్చి నోరు చప్పబడితే మందు కూడా అదే.

అది మొదట ఏ ఊళ్లో పుట్టిందో చెప్పేంత చదువు నాకు లేదు. బేతంచెర్ల బండల గనుల్లోకి ఎలా వచ్చిందో మాత్రం తెలుసు. పెద్దమ్మ అత్త సువార్తమ్మ తెచ్చింది. ఒక ఏడాది మిరప విరగకాసి ధర పడిపోయి, కోత కూలి కూడా గిట్టదని రైతులు పండ్లను చెట్లకే వదిలేశారట. సువార్తమ్మ అవ్వ అడిగి కోసుకుని ఒడి నింపుకుని వచ్చింది. అదే ఏడు ఆలూరు వైపు వానల్లేక జనం మూటాముల్లె కట్టుకుని గనుల్లో పనికి వచ్చారు. మధ్యాహ్నం రాళ్ల నీడన కూర్చుని వట్టి రొట్టెలు నీళ్లతో మింగుతున్నారు. అవ్వ జాడీ చంకన పెట్టుకుని పోయి ఒక్కొక్కరి రొట్టె మీద ఇంత ముద్ద పెట్టింది. మరుసటి రోజు వాళ్లే వచ్చి అడిగారు. అడిగినవాళ్లకు పెట్టీ పెట్టీ చివరికి అదే ఆ ఇంటికి బతుకుదెరువైంది. బండలు తీసుకుపోయే లారీ డ్రైవర్లు సీసాల్లో నింపుకుని బళ్లారి దాకా పట్టుకుపోయారు. ఆ తర్వాత హోటళ్లవాళ్లు దోసె మీద పూయడం నేర్చారు. ఇప్పుడు ప్యాకెట్లలో కూడా వస్తోంది, పైన ఒక అవ్వ నవ్వుతున్న బొమ్మ వేసి. మా సువార్తమ్మ అవ్వ జన్మలో అలా నవ్వి ఎరగదు.

అవ్వ పెట్టిన కట్టుబాటు ఒకటి ఆ ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది. ఏటా మొదటి రోటి కారం దేవుడిది. దాన్ని చిన్న జాడీలో పెట్టి మూతికి తెల్లగుడ్డ కట్టి, కొత్త పంట కానుకలిచ్చే కోతపండుగనాడు మా చర్చి గుడిలో ప్రభువు బల్ల ముందర పెడతారు. ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో అందరి ముందూ ఆ జాడీ తెరుస్తారు. అప్పటిదాకా ఆ ఏటి కారాన్ని ఇంట్లోవాళ్లు నాలుక మీద వేసుకోకూడదు. కొన్నవాళ్లు తినొచ్చు, రుబ్బినవాళ్లు తినకూడదు. ఉప్పు సరిపోయిందా లేదా అని వాసన బట్టి తెలుసుకోవాలి, చేతి లెక్కతో వెయ్యాలి. నాకు చిన్నప్పటి నుంచీ ఇది వంకర కట్టుబాటుగానే కనిపించేది. వంట చేసే మనిషి రుచి చూడకూడదంటే ఎట్లా?

అవ్వకు ఒక నల్లరాతి రోలుండేది. ఆమె పెట్టిన కారం తిని పని చేసుకున్న ఆలూరు మనుషులే మరుసటేడు ఎద్దులబండి మీద తెచ్చి ఇచ్చారు. అవ్వ పోయాక ఆ రోలు పెద్దమ్మ చేతికి వచ్చింది. పోయిన వానాకాలం వెనక గోడ కూలి సరిగ్గా దాని మీదే పడింది. రోలు రెండుగా చీలింది, రుబ్బే గుండు మాత్రం మిగిలింది. ఇంకో రోలు కొంటే సరిపోయేది. కానీ అప్పటికి ఆ ఇంట్లో అంతకంటే పెద్దది ఒకటి విరిగి ఉంది.

పెద్దమ్మ కొడుకు ఏసుకుమార్ బండల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కటింగ్ మిషన్ దగ్గర కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. చెయ్యి మానింది గానీ మనిషి మానలేదు. నోరు తెరిస్తే అందరినీ ఆటపట్టించే పిల్లోడు గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు, అంతే. ఒక సాయంత్రం ఇంటికి రాలేదు. పెద్దమ్మ వీధివీధీ వెతికి, చివరికి నీళ్లు నిండిన పాత గనిగుంత దగ్గర చూసింది. దాని గట్టు మీద నిలబడి ఉన్నాడు. "ఏం చేస్తాండావు నాయనా" అని ఏడుస్తూ పరుగెత్తితే, "గాలికి వచ్చినా మా" అన్నాడు. ఆ మాట నమ్మినట్టు ఆమె తల ఊపింది, ఆమె నమ్మిందనుకున్నట్టు వాడూ ఊరుకున్నాడు. ఆ రోజు నుంచి పెద్దమ్మ తన మంచాన్ని వీధి తలుపుకు అడ్డంగా వేసుకుని పడుకుంటుంది. ఎవరన్నా అడిగితే లోపల ఉక్కగా ఉందంటుంది. డిసెంబరు చలిలో కూడా అదే మాట చెప్పింది.

అలాంటివాడు ఒకనాడు తనంతట తానే లేచి, ఫ్యాక్టరీకి పోయి, పక్కన పడేసి ఉన్న మందపాటి బండరాయి ఒకదాన్ని అడిగి ట్రాలీలో వేయించుకుని వచ్చాడు. పెరట్లో కూర్చుని, సుత్తి ఎడమచేతికి మార్చుకుని, కుడిచేత్తో ఉలి పట్టాడు. మూడు వేళ్లతో ఉలి నిలవదు, జారుతుంది. అరచేతికి గుడ్డ చుట్టుకుని చెక్కాడు. పెద్దమ్మ వంటింటి కిటికీలో నుంచి చూస్తూ, ఉలి జారినప్పుడల్లా తన వేళ్లు తాను పట్టుకునేది. క్రిస్మస్ నాటికి రోలు తయారైంది. బేతంచెర్ల రాయి కదా, పాలిష్ పట్టేసరికి లేత బూడిదరంగులో అద్దంలా మెరిసింది. అంచు చుట్టూ ద్రాక్షతీగె కూడా చెక్కాడు. "ఎట్లుండాది మా?" అని వాడు నవ్వాడట. చాలా రోజులకు చూసిన ఆ నవ్వు గురించి పెద్దమ్మ నాకు ఫోన్‌లో చెప్పి చెప్పి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఇందులో దాచేదేముంది.

ఈ ఏటి కారమంతా ఆ కొత్త రోట్లోనే రుబ్బింది. నురగ కట్టింది ఆ రోట్లోనే.

ఆ ఫోన్ వచ్చిన కొన్నాళ్లకు నాకు అందిన జాడీ హాస్టల్‌లో తెరిచాను. పిల్లలు ప్రతి ఏడూ దానికోసం కాచుకుని ఉంటారు. ఈసారి ఒకమ్మాయి అన్నంలో కలుపుకుని రెండు ముద్దలు తిని, "మేడమ్, ఇది చప్పగా ఉండాది" అంది. నేను తిన్నాను. కారం ఉంది, ఉప్పు ఉంది. పులుపు ఎక్కడికో పోయింది. నాలుక మీద సుద్దముక్క రాసినట్టుంది. వారం తిరిగేసరికి పైన తెల్లగా బూజు పట్టింది. సువార్తమ్మ అవ్వ కాలం నుంచీ ఆ ఇంటి కారానికి బూజు పట్టిందని నేను వినలేదు. కోతపండుగ వచ్చే ఆదివారమే. జాడీని సంచిలో పెట్టుకుని, నంద్యాలలో బస్సు మారి, బేతంచెర్ల చేరాను.

నేను పోయేసరికి ఏసుకుమార్ పెరట్లో ఇంకో రోలు చెక్కుతున్నాడు. నన్ను చూసి, "రా అక్కా, కడపోళ్లకు దావ మరిచిపోయిందేమో అనుకున్నా" అన్నాడు. మునుపటి ఏసుకుమార్ మాట.

"ఇదెవరికి?"

"గుడికి. పండుగ వేలంలో పెడతా. నా చేత్తో చేసింది దేవునికి ఇయ్యల్ల కదా అక్కా. ఓబులేసు మేస్త్రీ అప్పుడే చెప్పినాడు, కూతురికి అదే పాడుకుంటా అని. ఆయన పాడితే ఇంకా నలుగురు చేయమంటారు. ఇదే పని పెట్టుకుంటా."

లోపలికి పోయి సంచిలోంచి జాడీ తీసి మూత తెరిచి పెద్దమ్మ ముందు పెట్టాను. ఆమె వంగి చూసింది. ముఖం పాలిపోయింది. లేచి వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"నువ్వు రుచి చూడు" అన్నాను.

"పండుగ ఇంగా కాల్యా కదా మే."

"బూజు పట్టిన కారానికి కట్టుబాటేంది పెద్దమ్మా? చూడు ముందు."

ఆమె కళ్లు మూసుకుని, "ప్రభువా, తప్పయితే కాయి" అని, వేలి కొసతో బూజు కింది నుంచి కొంచెం తీసి నాలుక మీద పెట్టుకుంది. తర్వాత రోలు దగ్గరికి పోయి కూర్చుని, లోపల చేత్తో తడిమింది. "లోపల వాడు కొట్టిన గంట్లన్నీ అరిగిపోయినాయి" అంది మెల్లగా. నేనూ తడిమి చూశాను. అంచు మీది ద్రాక్షతీగె చెక్కుచెదరలేదు. అడుగు మాత్రం సబ్బుబిళ్లలా జారుతోంది. ఆమె చింతపండు ఇంత నీళ్లలో పిసికి రోట్లో పోసింది. ఇద్దరం వంగి చూశాం. సన్నటి బుడగలు లేచాయి, చెవి పెడితే బుసబుస వినిపించింది.

అప్పుడు పెద్దమ్మ రోలు వైపు చూడటం మాని నేల వైపు చూసింది. ఆ వంటింట్లో పొయ్యి పక్కన బండ మీద చాపంత వెడల్పున మెరుపు చచ్చిన మచ్చ ఒకటి ఉంది. ఎప్పుడో చారు కుండ ఒలికిపోతే పడిన మచ్చ. బేతంచెర్లలో అలాంటి మచ్చ లేని వంటిల్లు లేదు. పులుపు పడితే ఈ రాయి కరుగుతుందని ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. నేలగా తెలుసు. రోలుగా ఎవరికీ తట్టలేదు. చెక్కినవాడికి తట్టలేదు, రుబ్బినామెకు తట్టలేదు, ఆహా ఓహో అని మెచ్చుకున్న మాకెవరికీ తట్టలేదు. పులుపును రాయి తాగేసింది. రాతిపొడి కారంలో కలిసింది. పులుపు పోయాక కారం నిలవక బూజు పట్టింది.

"వాడికి చెప్పేద్దాం" అన్నాను.

"వద్దు" అంది పెద్దమ్మ. ఎప్పుడూ గొణిగే మనిషి, ఆ ఒక్క మాట గట్టిగా అంది. "వద్దు మే. వాడు లేసి తిరగబట్టి నాలుగు నెలలు గూడా కాల్యా. ఆ రోలు పనికిరాదని చెప్తే మళ్లా గోడ వైపు తిరుగుతాడు. మళ్లా ఆ గుంత కాడికి పోతాడు. అప్పుడు నేను చూసినా కాబట్టి సరిపోయింది. ఇంగోసారి చూడకపోతే?"

"ఆ రెండో రోలు వేలంలో పోతుంది. ఓబులేసు కూతురు అందులో చింతపండు వేసి రుబ్బుతుంది. అప్పుడు తెలియదా?"

"అప్పటికి ఏదో ఒకటి చూస్తాం."

"ఏం చూస్తావు?"

ఆమె గుడ్డ తీసుకుని రోట్లో పులుసు తుడవడం మొదలుపెట్టింది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. బయట ఉలి చప్పుడు టకటకమని ఆగకుండా వినిపిస్తోంది. ఆ చప్పుడు ఆగితే ఏమవుతుందోనని ఆమెకు భయం, ఆగకపోతే ఏమవుతుందోనని నాకు భయం.

పెద్దమ్మ తన దారిన తాను పోయింది. ఇచ్చిన జాడీలన్నీ వెనక్కి తెమ్మని ఇంటింటికీ కబురు పంపింది. "ఈ ఏడు ఉప్పు తప్పింది, నా చెయ్యి పాడైంది" అని అందరికీ చెప్పుకుంది. ఊళ్లో ఆమె చేతికి ఉన్న పేరు చిన్నది కాదు. దాన్ని ఆమె తన నోటితోనే తీసేసుకుంటుంటే నేను పక్కన నిలబడి పళ్లు కొరుక్కున్నాను. ఒకామె, "వయసు మీద పడింది కదా ప్రేమమ్మా" అని జాలిపడింది. పెద్దమ్మ అవునని నవ్వింది.

ఇక గుడికి పెట్టే జాడీ. దాంట్లోదీ ఆ కొత్త రోటి కారమే. పండ్లు అయిపోవస్తున్న రోజులు. అయినా గని పనికి వచ్చి ఊరి చివర గుడిసె వేసుకున్న ఆలూరు మనిషి గిడ్డమ్మ ఎక్కడో తిరిగి ఒక గంపెడు తెచ్చింది. ఆమె దగ్గర చిన్న నల్లరాతి రోలుంది. ఏసుకుమార్ పెరట్లో పనిలో ఉండగా, ప్రార్థన కూటానికని చెప్పి పెద్దమ్మా నేనూ గిడ్డమ్మ గుడిసెకు పోయి దంచాం, మూడో రోజు మళ్లీ పోయి రుబ్బాం. చేతులు మండిపోయాయి. ప్రార్థన కూటానికి పోయినవాళ్ల చేతులు మిరపఘాటు కొడుతుంటే వాడేమనుకుంటాడోనని పెద్దమ్మ కొబ్బరినూనె రాసుకుని, ఇంటికి పోయేదాకా కొంగులో దాచుకుంది. గిడ్డమ్మకు అసలు సంగతి చెప్పలేదు, రోలు చాలడం లేదని మాత్రం చెప్పింది. భయపడే మనిషికి అబద్ధం కూడా సగమే చేతనవుతుంది.

ఆదివారం గుడి నిండిపోయింది. గుమ్మానికి జొన్న కంకులు కట్టారు. బల్ల ముందర గుమ్మడికాయలు, చెనిక్కాయల బుట్టలు, కాళ్లు కట్టిన కోళ్లు. మధ్యలో ఏసుకుమార్ రోలు. దాని పక్కనే తెల్లగుడ్డ కట్టిన జాడీ. పాస్టరు అయ్యగారు ప్రసంగం ముగించి, "సువార్తమ్మ గారి జాడీ మన సంఘానికి కొత్త కాదు. ఈ ఏడు దాంట్లో ఉన్నది ఆమె మనవడు చెక్కిన రోట్లో రుబ్బిన కారం. నష్టపోయిన చేతితో దేవుడు ఏం చేయించగలడో చూడండి" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కన పెద్దమ్మ చెమటలో తడిసిపోతోంది. లేవబోయింది. మగవాళ్ల వైపు కూర్చున్న కొడుకు ముఖం చూసింది. వాడు సిగ్గుపడుతూ నేల చూస్తూ నవ్వుతున్నాడు. ఆమె మళ్లీ కూర్చుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

వేలంలో రోలు ఓబులేసు మేస్త్రీకే పోయింది. ఆయన దాన్ని అప్పటికప్పుడే ఆటోలో ఎక్కించి కూతురింటికి పంపేశాడు. ఆ ఆటో పోతున్నంత సేపూ పెద్దమ్మ దాని వైపే చూసింది.

ప్రేమవిందు గుడి ఆవరణలో. గనుల్లో పనిచేసేవాళ్లను కూడా పిలుస్తారు, అది సువార్తమ్మ అవ్వ కాలం నాటి అలవాటు. గిడ్డమ్మ మా ఎదురు వరుసలో కూర్చుంది. ఏసుకుమార్ జాడీ చంకన పెట్టుకుని తనే వడ్డిస్తున్నాడు, గరిటె ఎడమచేత్తో పట్టి. గిడ్డమ్మ కారం కలుపుకుని ఒక ముద్ద తిని, ముఖం వెలిగిపోయి, గట్టిగా పిలిచింది.

"ప్రేమక్కా! చూసినావా, మా రోట్లో రుబ్బినా ఏం తక్కువ కాల్యా! ఊరికే దిగులుపడితివి."

వడ్డించే చెయ్యి ఆగింది. ఏసుకుమార్ ఆమె వైపు చూశాడు. "మీ రోట్లోనా?" అన్నాడు.

"అవునప్పా. మీ అమ్మా ఈ పాపా వచ్చి రుబ్బుకుని పోయిరి కదా." అప్పుడు పెద్దమ్మ ముఖం చూసి గిడ్డమ్మ నోరు మూసుకుంది.

వాడు జాడీలోంచి ఇంత కారం వేలితో తీసి నాకాడు. జాడీని నా ఆకు పక్కన జాగ్రత్తగా పెట్టి గేటు దాటి వెళ్లిపోయాడు.

పెద్దమ్మ చెయ్యి కూడా కడుక్కోలేదు. "గుంత కాడికి, మహిమా, గుంత కాడికి" అంటూ మిట్టమధ్యాహ్నం ఎండలో పరుగెత్తింది. నేను వెనక. ఆ వయసులో ఆమె అలా పరుగెత్తగలదని నాకు తెలియదు. దారి పొడవునా తెల్లటి రాతిదుమ్ము, పగిలిన బండముక్కలు. గుంత చుట్టూ తిరిగాం, పేరు పెట్టి అరిచాం. నీళ్లు పచ్చగా, కదలకుండా ఉన్నాయి. ఎవరూ లేరు. ఎవరూ లేకపోవడం మంచిదో చెడ్డదో తెలియక ఆమె గట్టు మీద కూలబడింది. "నీళ్లు చూడు మే, ఏమన్నా కనిపిస్తాందా" అంది. నేను చూశాను. అంత భయం నా జన్మలో ఎరగను.

ఇంటికి వస్తే తలుపు తీసే ఉంది. వాడు వంటింట్లో రోలు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. రోట్లో చింతపండు పులుసు. నురగను చూస్తున్నాడు.

"బండలు కొనేకి వచ్చినోళ్లకు నేనే చెప్పేవాణ్ణి మా" అన్నాడు తల తిప్పకుండానే. "నిమ్మకాయ, చింతపండు పడనీయొద్దండీ, మచ్చలు పడతాయి అని. నా నోటితో నేనే. రోలు చెక్కేటప్పుడు ఆ మాట గుర్తుకే రాల్యా."

"పోనీలే నాయనా" అంది పెద్దమ్మ ఆయాసపడుతూ. "రోలుదేముండాది..."

"అదే నేనూ అంటాండా. రోలుదేముండాది? ఓబులేసు మేస్త్రీకి ఫోన్ చేసినా. పులుపు తగలనీయొద్దు, పసుపుకొమ్ములు దంచుకోమను అని చెప్పినా. ఆయప్ప పడీ పడీ నవ్వినాడు. నేనూ నవ్వినా. అంతే కదా." అప్పుడు మా వైపు తిరిగాడు. మా కాళ్లు చూశాడు. మోకాళ్ల దాకా తెల్లటి రాతిదుమ్ము.

"గుంత కాడికి పోయొచ్చినారా?"

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ పొద్దు నేను చావల్లనే పోయినా మా" అన్నాడు. ఆ మాట ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ పైకి అనలేదు. "శానాసేపు కూర్చున్నా. పొద్దుగూకింది. ఆకలయింది. జాడీలో అడుగున ఇంగా కొంచెం కారం ఉండాది కదా, అమ్మ వేడిగా సంగటి చేసుంటుంది అనుకున్నా. లేసినా. ఇంటికి రావల్లని లేసి నిలబడినా. అప్పుడే నువ్వు ఏడుస్తా ఎదురొచ్చినావు."

పెద్దమ్మ గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది.

"నేను లేసినాక వచ్చినావు మా నువ్వు. అది నీకు చెప్పల్లనే అనుకుంటా. నువ్వేమో ముందు నా మొగం చూస్తావు, తర్వాత చెయ్యి చూస్తావు, ఆ తర్వాతనే మాట్లాడతావు. నీ భయం చూసి నాకు ఇంట్లో గట్టిగా దగ్గేకి గూడా భయమైతాది. ఊరంతా తిరిగి నీ చెయ్యే పాడైందని చెప్పుకుంటివంట. నాకోసరం అట్ల చెప్పొద్దు."

నేను లేకుండా జరగాల్సిన మాటలు అవి. పెద్దమ్మ ఏడుస్తోంది గానీ, ఎప్పుడూ ఏడ్చే ఏడుపు కాదు. వాడు ఆమె పక్కకు జరిగి కూర్చున్నాడు. కాసేపటికి, "ఆకలైతాంది మా, గుడి కాడ తిననే ల్యాదు" అన్నాడు. ఆమె గబగబా లేచింది. పొయ్యి వెలిగించి సంగటి కెలికింది. నేను గుడి దగ్గరికి పోయి జాడీలో మిగిలిన కారం తెచ్చాను. వాడు ముద్దలో గుంత చేసి, అందులో కారం పెట్టుకుని, కళ్ల నీళ్లు కారుతుంటే తిన్నాడు. "గిడ్డమ్మ రోలు బాగుండాది" అన్నాడు. "ఆలూరు వైపు నుంచి నల్లరాయి తెప్పిస్తా. అది గట్టి. చెయ్యి నొస్తాది. నొస్తే నొయ్యనీ, కిటికీలో నుంచి చూడొద్దు."

ఇప్పుడు నల్లరోలు సగం వరకు వచ్చింది. ఆ మెరుపు రోలు ఇంట్లోనే ఉంది, చెనిక్కాయల పొడి దంచడానికి. దానికి పులుపు అక్కర్లేదు.

ఆ పండుగనాటి సాయంత్రం కడప పోవడానికి నేను సంచి సర్దుకుంటుండగా ఏసుకుమార్ వీధి తలుపు దగ్గరికి పోయి, అడ్డంగా వేసి ఉన్న మంచాన్ని మూడు వేళ్ల చేత్తో ఒకవైపు, మంచి చేత్తో ఇంకోవైపు పట్టి ఎత్తాడు. లోపలికి మోసుకుపోయి తన మంచం పక్కన వేశాడు. దుప్పటి పరిచి, "ఈడ పండుకో మా, బయట చలి" అన్నాడు. పెద్దమ్మ వద్దనలేదు. ఉక్కగా ఉందని కూడా అనలేదు.